స్క్రూ తిప్పే ముందు...

తణుకు నరేంద్ర సెంటర్లో ఆటో అడ్డొచ్చింది. బ్రేకు వేయగానే పాత కారు ఉస్సూరుమంటూ ఆగిపోయింది. వెనక హారన్ల మోత! ఇలాంటప్పుడు చాలామంది 'స్లో కాస్త పెంచు బాబూ' అని మెకానిక్‌ని అడుగుతారు. ఆ స్క్రూ తిప్పితే బండి ఆగకపోవచ్చు. కానీ అది కారణం వెతక్కుండా జ్వరానికి మాత్ర వేసినట్టే. జబ్బు లోపలే ఉంటుంది, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది.

2014లో తయారీ ఆగిన మారుతి 800లో పాత మోడళ్లకు కార్బురేటరే ఉండేది. అలాంటి బండికి ముందు ఎయిర్ ఫిల్టర్‌లో దుమ్ము, ప్లగ్గులు చూడండి. తర్వాత రబ్బరు వాక్యూమ్ గొట్టాలు. వాటికి పగుళ్లుంటే అదనంగా గాలి దూరి ఇంజిన్ వణుకుతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మాత్రమే ఆగిపోతుంటే చోక్‌ని అనుమానించండి.

ఇవన్నీ బాగుంటేనే స్క్రూ ముట్టుకోవాలి. ఇంజిన్ వేడెక్కాక, ఏసీ, లైట్లు ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి కొద్దికొద్దిగా తిప్పండి. కారు పుస్తకంలో చెప్పిన వేగం దగ్గర ఆపేయండి. ఎంపీఎఫ్‌ఐ బండ్లలో ఈ పని కంప్యూటరే చూసుకుంటుంది. వాటి జోలికి వెళ్లొద్దు.

ఒక్క జాగ్రత్త. మూసిన షెడ్డులో ఇంజిన్ నడపకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ప్రాణం మాత్రం తీస్తుంది.