జర్మనుకు మన విభక్తులు చాలవా?

జర్మన్ నేర్వాలంటే ముందు ఇంగ్లీషు గట్టిగా రావాలని మనలో చాలామంది నమ్మకం. నేనూ ఆ భ్రమలోనే ఆర్నెల్లు గడిపాను. డేర్, డెన్, డెమ్, డెస్ అని పట్టిక బట్టీ పట్టానేగాని ఏది ఎక్కడ వాడాలో బోధపడితే ఒట్టు!

"డేర్ హుండ్ బైస్ట్ డెన్ మాన్" అంటే కుక్క మనిషిని కరుస్తోంది. "డెన్ మాన్ బైస్ట్ డేర్ హుండ్" అన్నా కరిచేది కుక్కే. ఇంగ్లీషులో మాటలు అలా తారుమారు చేస్తే మనిషే కుక్కను కరుస్తాడు! తెలుగువాడికి ఇందులో వింతేముంది? "మనిషిని కుక్క కరిచింది" అని మనమూ అంటాం. మన "ని" మాట చివర వస్తే, వాళ్ల "డెన్" ముందు వస్తుంది. (స్త్రీలింగ, నపుంసకలింగాల్లో ఈ మార్పు కనబడదు, అదో తంటా.)

"ఇన్ డెన్ గార్టెన్" అంటే తోటలోకి. "ఇన్ డెమ్ గార్టెన్" అంటే తోటలో. ఇంతే సంగతి! దీనికోసం నేను ఇంగ్లీషు వివరణలతో కుస్తీపట్టిన రాత్రులెన్నో.

అన్నీ అతకవు, ఒప్పుకుంటాను. మనం స్నేహితుడికి ఫోన్ చేస్తాం, జర్మన్లు స్నేహితుణ్ణి ఫోన్ చేస్తారు. అయినా సరే, మొదటిరోజు క్లాసులో ని, కి, లో, లోకి నల్లబల్లమీద రాసి ఆ తర్వాతే పట్టిక తెరవమని అధ్యాపకులకు నా మనవి.