డబ్బా వాళ్లది, ఇల్లు మనది

ఫైబర్ కనెక్షన్ తీసుకున్నాం కదా అని, కంపెనీవాళ్లు గోడకి తగిలించి వెళ్లిన వైఫై డబ్బాతోనే కాలక్షేపం చెయ్యాలని ఎక్కడా లేదు. మన డబ్బుతో మనకి నచ్చిన రూటర్ కొనుక్కుని వాడుకోవచ్చు. ఆ పనికి ఇంట్లో ఆడవాళ్లే పూనుకోవాలని కూడా నా అభిప్రాయం. "ఇదేం విడ్డూరం, రూటర్లకీ ఆడవాళ్లకీ ఏమిటి సంబంధం?" అంటారేమో. ఉంది. చెప్తాను వినండి.

కనెక్షన్ ఇచ్చిన రోజు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. స్తంభం మీంచి సన్నటి తీగ వస్తుంది. అది హాల్లో ఏ కిటికీ దగ్గర దిగితే అక్కడే, టీవీ పక్కనే డబ్బా బిగిస్తారు. వచ్చిన అబ్బాయి "సార్ లేరా మేడమ్?" అని అడుగుతాడు. సార్‌కి ఫోన్ చేసి, సార్ నంబరునే పాస్‌వర్డ్‌గా పెట్టి వెళ్లిపోతాడు. పాపం అతణ్ణి అనుకోవడం ఎందుకు, రోజుకి ఎన్ని స్తంభాలు ఎక్కి దిగాలో! కానీ వంటింట్లోకీ, వెనక గదిలోకీ సిగ్నల్ వస్తోందా అని అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. పగలంతా ఇంట్లో ఉండేది ఎవరో, వాళ్లు ఏ గదిలో ఉంటారో ఆ లెక్కలోకి రాదు.

మా వీధిలో ఒకావిడ చీరల వ్యాపారం చేస్తుంది. వెనక గదిలో బీరువాల మధ్య కూర్చుని వీడియోకాల్‌లో చీర విప్పి చూపిస్తే, అవతల హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్నావిడ కొనుక్కోవాలి. సరిగ్గా పమిట చెంగు చూపించే వేళకి బొమ్మ ఆగిపోతుంది. కంపెనీకి ఫోన్ చేస్తే "స్పీడ్ బాగానే ఉందమ్మా, కావాలంటే పెద్ద ప్లాన్ తీసుకోండి" అన్నారట. ఆవిడ నెలకి మరో రెండొందలు కట్టింది కూడా. బొమ్మ మాత్రం ఆగుతూనే ఉంది.

ఆగదూ మరి! లోపం తీగలో లేదు. కంపెనీ డబ్బాలో నిజానికి రెండు పనులున్నాయి. ఫైబర్‌లో వెలుగుగా వచ్చేదాన్ని మన పరికరాలకి అర్థమయ్యేలా మార్చడం ఒకటి. దాన్ని వైఫైగా ఇల్లంతా పంచడం రెండోది. మొదటి పని అది చక్కగానే చేస్తుంది. రెండో పని హాలు దాటితే దాని వల్ల కాదు. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటేసరికి నీరసపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ కాస్త దూరం పోతుంది కానీ వేగం తక్కువ, చుట్టుపక్కల ఇళ్లవన్నీ అదే దారిలో తోసుకుంటూ ఉంటాయి. మధ్యలో ఇనుప బీరువా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ప్లాన్ పెంచితే బీరువా కరుగుతుందా?

అందుకని ఆవిడ చేత రెండు వేలకి అటూ ఇటూగా ఓ రూటర్ కొనిపించాం. హాల్లో డబ్బా నుంచి లాన్ వైరు గోడవారగా లాగి వెనక గదిలో పెట్టించాం. పెద్ద ప్లాన్ మానేసి మళ్లీ పాత ప్లానుకి వచ్చేసింది. ఆర్నెల్లుగా చెంగు దాకా చూపిస్తోంది.

ఇక్కడ అందరికీ వచ్చే భయం టీవీ గురించి. "మన రూటర్ పెడితే సీరియల్స్ రావేమో!" ఈ భయం ఉత్తది కాదు. చాలా ఫైబర్ సర్వీసుల్లో టీవీ అదే తీగలో, ఇంటర్‌నెట్‌కి వేరుగా తన దారిలో వస్తుంది. కంపెనీ డబ్బాకి ఆ దారి తెలుసు, బజారులో కొన్న రూటర్‌కి తెలియదు. కాబట్టి ఆ డబ్బా పీకి అవతల పెట్టకండి. దాని నంబరు కంపెనీవాళ్ల దగ్గర నమోదై ఉంటుంది, పీకితే అసలు కనెక్షనే రాదు. సెట్‌టాప్ బాక్సు, ల్యాండ్‌లైన్ ఫోను దానికే ఉంచి, మన రూటర్‌ని దాని వెనక తగిలించుకుంటే చాలు. యాప్‌లో చూసే ఛానళ్లయితే ఏ రూటర్‌తోనైనా వస్తాయి. తెలిసినవాళ్లు కొందరు కంపెనీ డబ్బాని "బ్రిడ్జ్ మోడ్"లో పెట్టమంటారు. అంటే అది వైఫై పని మానేసి వెలుగు మార్చే పని ఒక్కటే చేస్తుంది. మంచిదే, కానీ అలా చేస్తే టీవీ, ఫోను పనిచేస్తాయా అని ముందే అడిగి మరీ చేయించండి.

న్యూజెర్సీలో ఉన్న మా పిన్ని కూతురు నెలనెలా రూటర్ అద్దె దండగని సొంతది కొంది. ఛానళ్లు వచ్చాయి, కార్యక్రమాల పట్టికా, కావాలన్నప్పుడు చూసే సినిమాలూ పోయాయి. అక్కడి ఆ సర్వీసులో అవి టీవీ కేబుల్ గుండా రూటర్ నుంచే రావాలట. మోకా అడాప్టర్ అని చిన్నది ఒకటి తగిలించాక దారికొచ్చింది. ఏ కంపెనీ పద్ధతి ఆ కంపెనీదే, అడిగి కొనుక్కోవడం ఉత్తమం.

"బయటి రూటర్ పెడితే మా బాధ్యత లేదు" అంటారు కంపెనీవాళ్లు. మన రూటర్‌కి వాళ్లు బాధ్యులు కారు, నిజమే. కానీ తీగకీ, దాని చివరనున్న డబ్బాకీ బాధ్యత ఎక్కడికి పోతుంది? డబ్బా మీద లాస్ అని రాసివున్న లైటు ఎర్రగా వెలిగితే వెలుగు రావట్లేదని అర్థం. అప్పుడు తప్పు మన రూటర్‌ది కానే కాదు. ఆ ఒక్క లైటు గుర్తుపెట్టుకుంటే సగం వాదన మనమే గెలుస్తాం.

ఇది కొత్త తగాదా కూడా కాదు. నా చిన్నప్పుడు మా నాన్నగారింట్లో డిపార్ట్‌మెంటువాళ్లిచ్చిన నల్ల ఫోను ఉండేది. తర్వాత బజారులో కొన్న నొక్కుడు ఫోను వచ్చింది, ప్రపంచమేం మునిగిపోలేదు. అమెరికాలో కంపెనీ లైనుకి బయటి పరికరం తగిలించుకోవచ్చని 1968లోనే కార్టర్‌ఫోన్ కేసులో తేల్చేశారు. జర్మనీలో 2016 ఆగస్టు 1 నుంచి రూటర్ ఎంచుకునే హక్కు వినియోగదారుడిదే. లాగిన్ వివరాలు అడక్కుండానే, ఉచితంగా, రాతపూర్వకంగా ఇవ్వాలని చట్టమే చెప్తోంది. మన దగ్గర 2020లో ట్రాయ్, ఏ కంపెనీ సెట్‌టాప్ బాక్సైనా మరో కంపెనీకి పనికొచ్చేలా ఉండాలని సిఫారసు చేసింది. ఇళ్లల్లో మాత్రం కంపెనీ మారితే బాక్సూ మారుతూనే ఉంది. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరెంటు స్తంభాల మీదుగా తీగలు లాగి, ఇంటర్‌నెట్, టీవీ, ఫోను మూడూ కలిపి నెలకి 149 రూపాయల నుంచి ఇవ్వడం మొదలెట్టింది. ఊళ్లలోకి ఫైబర్ వచ్చేసింది. ఫైబర్ వచ్చిన ఇంట్లో హక్కులు ఏమిటన్న మాటే ఇంకా రాలేదు.

రూటర్ మనదైతే పాస్‌వర్డ్ మనం పెట్టుకుంటాం. కనెక్షన్ ఇచ్చిన అబ్బాయికీ, అతని తర్వాత వచ్చినవాడికీ తెలిసిన పాస్‌వర్డ్‌తో ఇంట్లో కెమెరాలూ, ఫోన్లూ నడపడం నాకు నచ్చదు. వచ్చే పోయే చుట్టాలకి వేరే గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వొచ్చు. పిల్లల ఫోన్లకి రాత్రి పదింటికి నెట్ ఆగిపోయేలా పెట్టుకోవచ్చు. అన్నట్టు, చాలా రూటర్లని "యాక్సెస్ పాయింట్" పద్ధతిలో పెడితే ఈ టైము కట్టడి ఉండదు. ఇల్లంతా ఒకే నెట్‌వర్క్ కావాలా, పిల్లల మీద అదుపు కావాలా తేల్చుకుని పెట్టించుకోండి. హాల్లో పాత వైఫై ఆపించడం మరిచిపోవద్దు, లేకపోతే పిల్లలు దానికి దూకుతారు. వాళ్ల తెలివి మీకు తెలియనిదా!

ఇంకొక్క మాట. కనెక్షన్ ఎవరి పేరున ఉందో, ఓటీపీ ఎవరి ఫోన్‌కి పోతుందో ఈ రోజే చూడండి. చీరలావిడ కనెక్షన్‌కి ఓటీపీ దుబాయ్‌లో ఉన్న భర్త ఫోన్‌కి పోయేది. తీగ తెగిందని ఫిర్యాదు చెయ్యాలన్నా ఆయన డ్యూటీ దిగేదాకా ఆగాల్సి వచ్చేది. రూటర్ కొన్న వారమే ఆ నంబరు కూడా మార్పించుకుంది. కంపెనీ ఆఫీసుకి రెండుసార్లు తిరగాల్సి వచ్చింది, అంతే.