రెండు వారాలకొకసారి చూపించే పని



హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కొడుకు గాని, కోడలు గాని ఉన్న ఇళ్ళలో కొన్ని మాటలు తరచుగా వినబడుతుంటాయి. "ఈ స్ప్రింట్ అయ్యేదాకా ఊరికి రాలేనమ్మా." "స్టాండప్ ఉంది, పావుగంటలో వస్తాను." వడ్డించిన అన్నం చల్లారిపోతుంటే పెద్దవారికి విసుగు కలగడం సహజమే. ఆ మాటల వెనుకనున్న పని పద్ధతిని గూర్చి ఈ మాసం వ్రాయదలచాను. దాని పేరు ఎజైల్. చురుకుగా, అవసరాన్ని బట్టి అటూ ఇటూ మళ్ళగలగడం అని ఆ మాటకు భావం.

అంతకుముందున్న పద్ధతి వేరు. కావలసినవన్నీ ముందే వ్రాసుకోవాలి, తర్వాత నమూనా గీయాలి, తర్వాత తయారు చేయాలి, చిట్టచివర పరీక్షించి అప్పగించాలి. దీనికి వాటర్‌ఫాల్, అంటే జలపాతం, అని పేరు పడింది. కిందికి దిగిన నీరు మళ్ళీ పైకెక్కదు కదా! విన్‌స్టన్ రాయిస్ అనే అమెరికా ఇంజనీరు 1970లో ఒక వ్యాసంలో ఈ మెట్ల బొమ్మను గీశారు. పరీక్ష చివరికి వస్తుంది గనుక ఇలా చేయడం ప్రమాదమని కూడా అదే వ్యాసంలో హెచ్చరించారు. చాలామంది బొమ్మను పట్టుకొని హెచ్చరికను వదిలేశారు.

దాని ఫలితం ఎలా ఉంటుందో అమెరికా నేర పరిశోధన సంస్థ ఎఫ్.బి.ఐ. అనుభవంలో చూడవచ్చు. కాగితాల మీద నడిచే కేసు ఫైళ్ళను కంప్యూటరులోకి మార్చాలని 2001లో ఒక పని మొదలుపెట్టారు. కావలసినవాటి పట్టికే 800 పేజీలు దాటింది. పని నడుస్తుండగా కోరికలు వందల కొద్దీ మారాయి. ఒక్కరోజులో పాతది తీసేసి కొత్తది పెట్టేయాలని ఆలోచన. 2003 చివరలో చేతికందినది చూస్తే వాడటానికి పనికిరాలేదు. సుమారు 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2005లో దానిని వదిలేశారు. 2001 సెప్టెంబరు దాడుల తరువాత కూడా అక్కడి ఉద్యోగులు కాగితపు ఫైళ్ళతోనే కుస్తీ పట్టవలసి వచ్చింది.

2006లో సెంటినెల్ అనే పేరుతో మళ్ళీ ప్రారంభించారు. నాలుగు దశలన్నారు. 2010 నాటికి కేటాయించిన 45 కోట్ల 10 లక్షల డాలర్లలో 40 కోట్లకు పైగా అయిపోయింది, అందినవి మాత్రం రెండు దశలే. అప్పుడు సంస్థ ఆ పనిని నేరుగా తన చేతిలోకి తీసుకొంది. బయటి కంపెనీల మనుషులను సుమారు 220 మంది నుండి 40 మందికి తగ్గించి, ఎజైల్ పద్ధతికి మారింది.

ఆ పద్ధతి ఏమిటంటే, పెద్ద పనిని చిన్న చిన్న ముక్కలు చేసి, వాటిలో ఏది అత్యవసరమో దానిని ముందు తీసుకొంటారు. రెండు వారాలలో, మహా అయితే ఒక నెలలో, దానిని నిజంగా పనిచేసేంత వరకు పూర్తి చేస్తారు. ఈ గడువే స్ప్రింట్. రోజూ జట్టంతా కూడి పదిహేను నిమిషాలు మించకుండా మాట్లాడుకునేది స్టాండప్. గడువు చివర, తయారైనదానిని వాడబోయేవారి ముందు పెడతారు. పెళ్ళి జాకెట్టు కుట్టే దర్జీ ముందు వదులు కుట్లు వేసి "ఒకసారి వేసుకొని చూడమ్మా" అంటాడు చూడండి, అలాగన్నమాట. గట్టి కుట్టు పడ్డాక భుజం బిగుతుగా ఉందంటే గుడ్డ పాడవుతుంది.

సెంటినెల్ అయినా అనుకొన్న రోజుకు రాలేదు. 2011 సెప్టెంబరుకల్లా అన్నారు. ఆ అక్టోబరులో కొందరు ఉద్యోగులతో వాడించి చూస్తే పాత యంత్రాలు ఆ బరువును మోయలేవని తేలింది. కొత్త యంత్రాలు తెచ్చుకొని, చివరకు 2012 జూలైలో అందరికీ అందించారు. ఎజైల్ అంటే వేగం అనుకొనేవారు ఈ సంగతి గమనించాలి. గడువు దాటింది, నిజమే. కాని లోపం అందరూ పాతది వదిలేసిన తరువాత కాక, ముందే బయటపడింది. నా దృష్టిలో ఈ పద్ధతికున్న విలువ అదే. (వంతెన కట్టేవారికి ఇది చెప్పకండి. సగం కట్టి "ముందు నడిచి చూడండి" అనలేరు పాపం.)

ఇక ఇంటి సంగతికి వద్దాం. 2001 ఫిబ్రవరిలో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్ అనే మంచుకొండ విడిదిలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కూడి ఈ పద్ధతికి నాలుగు విలువలు వ్రాశారు. వాటికి తోడుగా చేర్చిన 12 సూత్రాలలో ఒకటి, పనివారు ఎంతకాలమైనా అలసిపోకుండా కొనసాగించగలిగే ఒకే నడకలో పని సాగాలని చెబుతోంది. ఆదివారం లేదు, పండుగ లేదు అనే స్ప్రింట్ ఆ సూత్రానికి విరుద్ధం. స్టాండప్ కూడా అంతే. జట్టువారు ఒకరి చిక్కు ఒకరు విప్పుకోవడానికి పెట్టినది, పైవాడు హాజరు తీసుకొనేదిగా మారితే ఏమవుతుంది? భయపడినవాడు "దాదాపు అయిపోయిందండీ" అంటాడు. ఆ "దాదాపు" మూడు నెలలు సాగుతుంది. అప్పుడు పాత జలపాతమే కొత్త పేరుతో దూకుతున్నట్టు.

రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను ఎందుకంటారా? వేసవిలో న్యూయార్కులో అప్పుడు మధ్యాహ్నం పన్నెండు. ఎప్పుడూ మన పిల్లల భోజనవేళే ఎందుకు పోవాలి అన్నది న్యాయమైన ప్రశ్న. దానిని అడగడానికి ఈ పద్ధతిలోనే ఒక చోటుంది. ప్రతి స్ప్రింట్ చివర రెట్రోస్పెక్టివ్ అనే కూటం జరుగుతుంది. అందులో ఏం తయారుచేశామన్నది కాక, ఎలా పనిచేశాము, ఏది మార్చుకోవాలి అన్నది మాట్లాడుకొంటారు. ఒక నెల వాళ్ళ రాత్రి, ఒక నెల మన రాత్రి అని సమయం మార్చుకొందామని అక్కడ అడగవచ్చు. మీ అబ్బాయి ఆ మాట ఎత్తాడో లేదో ఈసారి భోజనాల దగ్గర కనుక్కోండి.