మా ఇంటి ఐపీ, ఆఫీస్ టేబుల్లో

ఓల్డ్ సిటీలో ఇంటి నంబర్లు చూశారా? మధ్యలో గీతలతో మూడు అంకెలు. మొదటిది వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. లాల్ దర్వాజాలో మా ఇంటిదీ అంతే. చివరి అంకె చెరిపేస్తే ఏరియా తెలుస్తుంది గానీ, ఏ ఇల్లో తెలీదు. ఐపీ అడ్రస్ కూడా దాదాపు ఇలాంటిదే. చుక్కలతో విడదీసిన నాలుగు అంకెలు, ఒక్కోటి 0 నుంచి 255 వరకు.

నా పని డేటా ఇంటిగ్రేషన్. నాలుగు చోట్ల ఉన్న డేటా తెచ్చి, శుభ్రం చేసి, ఒకచోట చేర్చడం. మొన్నొచ్చిన ప్రాజెక్ట్ ఒక డాక్టర్ అపాయింట్‌మెంట్ యాప్‌ది. యాప్ లాగ్స్, పేమెంట్లు, కాల్ సెంటర్ రికార్డులు కలిపి, వారం వారం బయటి అనలిటిక్స్ కంపెనీకి పంపాలి. పేర్లు, ఫోన్ నంబర్లు ముందే తీసేశాం. ఐపీ కాలమ్ మాత్రం ఉంచాం. ఎవరు ఎన్నిసార్లు వచ్చారో లెక్క కావాలి కదా!

టెస్టింగ్‌లో ఒక రికార్డు దగ్గర ఆగిపోయా. ఆ ఐపీ నాకు నోటికొచ్చు. ఆఫీస్ వీపీఎన్ కోసం మా ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కి నేనే తీసుకున్న స్టాటిక్ ఐపీ అది. టైమ్ రాత్రి 1:40. డిపార్ట్‌మెంట్ సైకియాట్రీ.

మా ఇంట్లో ఉండేది నలుగురం. బుక్ చేసింది నేను కాదు.

ఆ పూటే కాలమ్ మొత్తం హాష్ చేసేశా. అడ్రస్ బదులు అర్థం కాని పొడవాటి అక్షరాల వరస వస్తుంది. దాన్ని వెనక్కి తిప్పలేరని నా ధీమా. మర్నాడు సాయంత్రం మా టీమ్‌లో జూనియర్ వచ్చింది.

"అన్నా, నీ హాష్‌లన్నీ విప్పేశా."

"ఎలా?"

"ఇలాంటి ఐపీలు ప్రపంచం మొత్తం మీద 429 కోట్లే కదన్నా. అన్నిటికీ హాష్ తీసి నీ టేబుల్‌తో పోల్చా. ఒక పూట కూడా పట్టలేదు."

2014లో న్యూయార్క్‌లో జరిగిందీ ఇదే. 17 కోట్లకు పైగా టాక్సీ ట్రిప్పుల డేటాని, టాక్సీ నంబర్లు హాష్ చేసి బయటికిచ్చారు. కొన్ని గంటల్లోనే అసలు నంబర్లు తేలిపోయాయి.

అంతా మళ్లీ రాశాం. మీరూ ఇలాంటి పనిలో ఉంటే గుర్తుపెట్టుకోండి. ఐపీ అవసరం లేకపోతే మాస్క్ చేయడం కాదు, కాలమే తీసేయండి. ఏరియా చాలనుకుంటే చివరి అంకెను 0 చేయండి, 256 అడ్రస్‌లు ఒకే గుంపులో కలిసిపోతాయి. ఐపీవీ6కి ఇది చాలదు. అందులో ఇంటిని పట్టించే భాగం మొదటి సగంలోనే ఉంటుంది, కాబట్టి ఇంకా ఎక్కువ కోయాలి. టేబుల్స్ జాయిన్ చేయాలంటే సీక్రెట్ కీతో హాష్ చేయండి. అన్ని సోర్సులకీ ఒకే కీ వాడితేనే జాయిన్ కుదురుతుంది. ఆ కీ మాత్రం డేటా తీసుకునేవాళ్లకి చిక్కకూడదు.

ఇంకోటి, మాస్కింగ్ మొదటి స్టెప్‌లోనే జరగాలి. మేం చివర్లో పెట్టాం. వెతికితే, మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగిపోయిన రికార్డుల ఫైల్లో ఐపీలన్నీ ఉన్నవి ఉన్నట్టే పడున్నాయి.

"పేరు లేదుగా, ఏమవుతుంది?" అని మీటింగుల్లో నేనే చాలాసార్లు అన్నా. మన 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం, మనిషిని గుర్తుపట్టగలిగే ఏ డేటా అయినా వ్యక్తిగత డేటానే. నాకైతే పేరు అక్కర్లేకపోయింది. ఇంట్లో ఉన్న ముగ్గురిలో ఒకరు.

ఆ రాత్రి అందరం కలిసే తిన్నాం. అమ్మ పప్పు వడ్డించింది, నాన్న న్యూస్ పెట్టారు, చెల్లి ఫోన్ చూసుకుంటోంది. అడగాలని నోటి దాకా వచ్చింది. అడగలేదు. నాకు చెప్పని విషయం ఆఫీస్ టేబుల్లో చూసి, ఏ ముఖం పెట్టుకుని అడగను?

ఈ మధ్య రాత్రిళ్లు ల్యాప్‌టాప్ తెచ్చుకుని హాల్లోనే కూర్చుంటున్నా. ఎవరికైనా నిద్ర పట్టక బయటికొస్తే, పక్కన ఇంకో కుర్చీ వేసే ఉంటుంది.