హత్య ఆట కొనేముందు బల్ల చుట్టూ చూడండి

హంతకుడెవరో తేల్చే బోర్డు ఆటలు మన సంగారెడ్డి, పటాన్‌చెరు అపార్ట్‌మెంట్లలోకీ వచ్చేశాయి. "డాక్టరుగారూ, చావుతో ఆటలేమిటి, పిల్లలు చెడిపోరా?" అని కొందరు నన్ను అడుగుతున్నారు. "ఎంత భయంకరంగా ఉంటే అంత మజా" అనేవారు మరికొందరు. నేను ఉభయులతోనూ విభేదిస్తాను.

చిన్నప్పుడు మనమందరం రాజు, మంత్రి, దొంగ, పోలీసు చీటీలాట ఆడినవాళ్లమే. దానివల్ల ఎవరమూ దొంగలం కాలేదు. బర్మింగ్‌హామ్ సంగీతకారుడు ఆంథొనీ ప్రాట్ యుద్ధకాలంలో రూపొందించగా 1949లో మార్కెట్లోకి వచ్చిన క్లూడోనే చూడండి. ఆరుగురు అనుమానితులు, ఆరు ఆయుధాలు, తొమ్మిది గదులు కలిసి మొత్తం 324 అవకాశాలు. అందులో నెత్తుటి చుక్క కనబడదు. కానిదాన్ని ఒక్కొక్కటిగా కొట్టివేస్తూ పోవడమే ఆట. జ్వరం రోగి వస్తే మలేరియానా, టైఫాయిడా, డెంగీనా అని ఓపీలో మేము చేసిందీ అదే. అర్ధరాత్రి దాకా ఒంటరిగా ఫోను చూసే పిల్లవాణ్ణి ఏమీ అనక, పదిమందితో కూర్చుని ఆలోచించేవాణ్ణి చూసి కంగారు పడటం నాకు అర్థం కాదు.

న్యూయార్క్‌లో 75 ఏళ్లు దాటిన 469 మందిని పరిశీలించి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, బోర్డు ఆటలు ఆడేవారిలో మతిమరుపు వ్యాధి తక్కువగా కనబడింది. అయితే జ్ఞాపకం సడలడం మొదలైనవారు ముందే ఆటలు మానేసి ఉండవచ్చు. కనుక ఆటను మందుగా అమ్మజూపేవారిని నమ్మకండి.

నా అసలు కోపం రెండో వర్గం మీద. శవాల ఫోటోలు, పోస్టుమార్టం నివేదికలు అచ్చువేసిన 'కేసు ఫైళ్ల' ఆటలే కావాలంటున్నారు. ఉద్యోగకాలంలో పోస్టుమార్టం బల్ల దగ్గర ఎన్నోసార్లు నిలబడ్డవాణ్ణి. ఆ నివేదికల్లో మరణ సమయాన్ని నిమిషాలతో సహా రాస్తారు. మన వేసవిలో ఏ వైద్యుడూ అలా చెప్పలేడు. అది పోనివ్వండి. మార్చురీ బయట చెట్టు కింద కూర్చున్నవాళ్ల ముఖాలు ఆ ఫైళ్లలో ఉండవు.

2025 జూన్ 30న పాశమైలారం ఫార్మా కర్మాగారంలో పేలుడు జరిగి నలభైమందికి పైగా చనిపోయారు. తమవారిని గుర్తించడానికి డీఎన్‌ఏ పరీక్షల కోసం ఎదురుచూసిన కుటుంబాలున్నాయి. పురుగుమందు తాగిన మనిషిని ఆటోలో వేసుకొచ్చిన ఇళ్లు మన పల్లెల్లో ఎన్నో. అటువంటి ఇంటివారు మీ బల్ల దగ్గర ఉండవచ్చు.

ఒక బంధువుల ఇంట్లో నేనే చూశాను. విషప్రయోగం కేసు, గృహస్థు లక్షణాలన్నీ నాటకీయంగా చదువుతున్నాడు. ఒకావిడ మంచినీళ్లంటూ వంటింట్లోకి వెళ్లి తిరిగి రాలేదు. ఆమె తమ్ముడు పురుగుమందు తాగే పోయాడని గృహస్థుకు తెలియదు. తెలిసిన నేను కూడా ఆపమనలేదు. ఆ తప్పు నాది.

కాబట్టి కథను ముందు మీరొక్కరే చదవండి. ఒకసారి విప్పితే మళ్లీ పనికిరాని ఆటైతే, చదివినవారు ఆడక నడిపించాలి. ఆత్మహత్యను, పసివాళ్ల చావును చిక్కుముడిగా మార్చిన ఆట వద్దు. చివరికి హంతకుడు 'పిచ్చివాడు' అని తేల్చే కథ అసలే వద్దు. మానసిక రోగుల మీద ఉన్న నిందలు చాలు.

ఇక మాఫియా వంటి ఆటలు పదిమంది ఉంటే బాగుంటాయి. కాని మొదటి రాత్రే 'చనిపోయిన' మనిషి మిగతావారి ముఖాలు చూస్తూ కూర్చోవాలి. ఆ స్థానం తరచుగా ఇంట్లో నోరులేనివారికే దక్కడం గమనించాను. వారికి ఆట నడిపే పని అప్పగించండి. కార్డులన్నీ ఇంగ్లీషులో ఉంటే నాయనమ్మ ప్రేక్షకురాలైపోతుంది. మిస్టీరియం వంటి బొమ్మల కార్డుల ఆటలో ఆమె ఊహ కూడా చెల్లుతుంది. నైట్ షిఫ్టు దిగి వచ్చినవారికి మూడు గంటల ఆట పెట్టకండి. క్లూడో ఆరుగురికే సరిపోతుంది. పదిమంది ఉన్న ఇంటికి అదొక్కటే పట్టుకెళితే నలుగురు మళ్లీ ఫోన్లు తీస్తారు.