చెట్టు గీసే చెయ్యి ఏది?

'రాముడు రావణుని చంపెను.' 'రావణుని రాముడు చంపెను.' ఈ రెండింటికీ తేడా ఏమిటని అడిగితే తెలుగు మాస్టారు నవ్వేస్తారు. చంపినవాడూ మారలేదు, చచ్చినవాడూ మారలేదు. విభక్తి ఉండగా మాట ఎక్కడుంటేనేం? అదే కంప్యూటర్‌ని అడగండి... మొదటి రెండు మాటలూ మారిపోయాయంటూ ఎర్రగీత గీసేస్తుంది. దానికి అక్షరాలు తెలుసుగానీ వ్యాకరణం తెలియదు మరి!

ప్రోగ్రామర్లకు ఇది రోజువారీ తలనొప్పి. ఒకరు రాసింది మరొకరు మారుస్తారు. ఏం మారిందో మూడోవారు చూసి 'సరే' అనాలి. ఇందుకోసమే 1970ల తొలినాళ్లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెకిల్రాయ్ 'డిఫ్' తయారుచేశారు. దాని వెనకున్న లెక్కను జేమ్స్ హంట్‌తో కలిసి 1976లో వివరించారు. పాత ఫైలునీ కొత్త ఫైలునీ వరసకు వరస పోల్చి చెప్పడం దాని పని. ఏ భాషకైనా పనికొస్తుంది, చిటికెలో చెప్పేస్తుంది. అందుకే ఇప్పటికీ ఎక్కువమంది వాడేది ఆ పద్ధతే. చిక్కల్లా ఒకటే... నాలుగు వరసల్ని ఒక షరతు కిందకు చేర్చి కాస్త లోపలికి జరిపితే, నాలుగూ కొత్తవే అంటుంది.

'ఖాళీలను లెక్కలోకి తీసుకోవద్దంటే సరిపోతుందిగా!' అనిపించవచ్చు. జావాలో ఫర్వాలేదు. పైథాన్‌లో మాత్రం కొంప మునుగుతుంది. అక్కడ ఒక వరస ఏదైనా షరతు కిందకు వస్తుందా రాదా అన్నది దాని ముందున్న ఖాళీలే తేలుస్తాయి. వాటిని వదిలేస్తే అసలు మార్పే కంటికి కనబడదు.

మరి దారేది? చెట్టు! బళ్లో వాక్యాన్ని కర్త, కర్మ, క్రియగా విడదీసినట్టే ప్రోగ్రామ్‌ను విడదీసి, ఏది దేని కిందిదో కొమ్మలుగా గీయడం. అలా గీసేది పార్సర్. రెండు చెట్లను పోల్చేందుకు 2014లో వచ్చిన గమ్‌ట్రీ, ఆ తర్వాత వచ్చిన డిఫ్టాస్టిక్ లాంటి పనిముట్లు ఉన్నాయి.

ఇదంతా పండితుల చాదస్తం కాదు. 2014 ఫిబ్రవరిలో యాపిల్ తన ఐఫోన్లకు హడావుడిగా ఒక సవరణ పంపాల్సి వచ్చింది. సి భాషలో రాసిన ప్రోగ్రామ్‌లో 'గోటు ఫెయిల్' అన్న వరస రెండుసార్లు పడటమే కారణం. రెండోది కూడా లోపలికే జరిగి ఉండటంతో చూసేవారికి షరతులో భాగంలాగే ఉంది. సి భాషకు ఖాళీలతో పనిలేదు. బ్రాకెట్లేమో పెట్టలేదు. దాంతో ఆ వరస షరతుతో నిమిత్తం లేకుండా నడిచింది. అవతలి సైటు అసలుదో నకిలీదో తేల్చే సంతకం తనిఖీ జరగనేలేదు! వరసల పోలికలో ఇది 'ఒక వరస పెరిగింది', అంతే. చెట్టులోనైతే ఆ వరస షరతు కొమ్మకు కాకుండా విడిగా వేలాడుతూ కనబడుతుంది.

అయితే చెట్టే తప్పుగా ఉంటే ఆపైన ఎంత పోల్చినా బూడిదలో పోసిన పన్నీరే. అందుకే పార్సర్ ఎంపిక దగ్గరే ఆలోచించాలి. ముందున్నవి రెండు దారులు.

మొదటిది, ఆ భాష కంపైలర్ వాడే పార్సర్. వ్యాకరణంలో దిట్ట. కానీ మహా పట్టింపు మనిషి. ఒక్క బ్రాకెట్ తగ్గినా తప్పుపడుతుంది. సి భాషలో 'ఏ * బి' అన్నది గుణకారమో, కొత్త పాయింటర్ ప్రకటనో ఆ ముక్క చూసి చెప్పలేం. 'ఏ' ఎవరో ముందే తెలియాలి. అందుకు హెడర్ ఫైళ్లన్నీ దగ్గరుండాలి. పైగా కంపైలర్‌కు కామెంట్లతో పనేముంది? పైథాన్‌తో పాటు వచ్చే 'ఏఎస్‌టీ' మాడ్యూల్ వాటిని పారేస్తుంది. ఎవరైనా కామెంట్ మారిస్తే ఆ చెట్టులో జాడే ఉండదు.

రెండోది, ట్రీ-సిట్టర్ లాంటిది. గిట్‌హబ్ వారి ఆటమ్ ఎడిటర్ కోసం మ్యాక్స్ బ్రన్స్‌ఫెల్డ్ మొదలుపెట్టిన పని ఇది. ఆటమ్ 2022 డిసెంబరులో మూతపడినా ఇది నిలిచింది. సగం రాసిన ప్రోగ్రామ్‌నైనా ఓర్పుగా చదివి, అర్థంకాని చోట 'ఇక్కడ తప్పుంది' అని గుర్తుపెట్టి ముందుకెళ్తుంది. కామెంట్లను ఉంచుతుంది. ఎన్నో భాషలకు వ్యాకరణాలు సిద్ధంగా ఉన్నాయి. కాకపోతే 'ఏ' ఎవరో కనుక్కోదు, రూపం చూసి ఊహిస్తుంది.

ఏది మేలు? పనిని బట్టే. ప్రోగ్రామ్‌ను యంత్రమే తిరగరాయాలంటే పట్టింపు మనిషే కావాలి. చదివే మనిషికి తేడా చూపించడానికైతే ఓర్పున్నదే నయం. ఏది ఎంచుకున్నా ముందు ఒక పరీక్ష పెట్టండి. ఫైలును చెట్టుగా మార్చి, ఆ చెట్టునుంచి మళ్లీ ఫైలు రాయించండి. అక్షరం పొల్లుపోకుండా తిరిగొచ్చిందా, మంచిదే. రాలేదా... పోయిన ముక్కలేవో అక్కడే తెలుస్తాయి. వాటిలో వచ్చే మార్పుల్ని ఆ చెట్టు మీకెప్పటికీ చూపించదు.

చివరిగా ఒక మాట. చెట్టు గీయడం కుదరనప్పుడు డిఫ్టాస్టిక్ పంతానికి పోదు. బుద్ధిగా పాత వరసల పద్ధతికే వెళ్లిపోతుంది. తెలియనిచోట తెలిసినట్టు నటించకపోవడమూ తెలివే కదా!