టైటాన్స్‌లో తెలుగు ఎంత?

సంక్రాంతి అయిపోయింది. మా సూర్యాపేట చుట్టుపక్కల ఊళ్లలో ముగ్గులు చెరిగిపోయాయి గానీ, కబడ్డీ కోసం పోసిన సున్నపు గీతలు ఇంకా అక్కడక్కడా కనిపిస్తూనే ఉన్నాయి. పండగ మూడు రోజులూ మైకులో స్కోరు చెప్పినవాళ్ల గొంతులు ఇంకా కుదుటపడలేదు. ఇప్పుడిక అసలు చర్చ మొదలైంది. వచ్చే సీజన్‌కి తెలుగు టైటాన్స్ ఎవరిని ఉంచుకుంటుంది, ఎవరిని వదిలేస్తుంది, వేలంలో ఎవరి మీద డబ్బు పెడుతుంది?

ఐపీఎల్ వేలం గురించి మనవాళ్లు మాట్లాడితే అదొక శాస్త్రం. కబడ్డీ వేలం దగ్గరికొచ్చేసరికి "అండ్ల ఏముందన్నా, అందరూ హర్యానావోళ్లే గదా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ఒక్క ముక్క మీదే నాకు పేచీ. అది తప్పని కాదు. నిజం కాబట్టే.

ముందు ఆట సంగతి చూద్దాం. ప్రో కబడ్డీ 2014లో మొదలైనప్పటి నుంచీ టైటాన్స్ ఉంది. రాహుల్ చౌధరి కూతకు వెళ్తుంటే మన ఊళ్లలో చిన్నపిల్లలు కూడా అతనిలాగే తొడ కొట్టేవారు. రెండో సీజన్లో మూడో స్థానం, నాలుగో సీజన్లో సెమీఫైనల్. అక్కడి నుంచి జారుడుబండే. ఎనిమిదో సీజన్లో 22 మ్యాచ్‌లకు ఒక్క గెలుపు. తొమ్మిదిలో రెండు. పదిలో మళ్లీ రెండు. మూడు సీజన్లు, 66 మ్యాచ్‌లు, 5 గెలుపులు. మూడుసార్లూ ఆఖరి స్థానమే. ఆ మూడేళ్లూ టీవీ కట్టేయకుండా చూసిన అభిమానికి ఎవరైనా ఓ శాలువా కప్పాలి.

మరి డబ్బు పెట్టలేదా అంటే, పెట్టారు. పదో సీజన్ వేలంలో పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నారు. జట్టు మొత్తానికి చేతిలో ఉండే సొమ్ము 5 కోట్లు. అంటే సగానికి పైగా ఒక్కడికే. మిగిలిన సగంలోపు డబ్బుతో కార్నర్లు, కవర్లు, రెండో రైడరు, బెంచి అన్నీ సర్దుకోవాలి. పెళ్లి ఖర్చంతా మండపం అలంకరణకే పెట్టి, భోజనాల దగ్గర చేతులెత్తేసినట్టయింది. పవన్ తప్పేమీ లేదు, అతను గొప్ప ఆటగాడు. కానీ కబడ్డీలో ఏడుగురు ఆడాలి. అతను అవుటై బయట కూర్చున్నప్పుడు తిరిగి లోపలికి రావాలంటే ఎదుటివాడిని పట్టుకునేవాళ్లు ఉండాలి. వాళ్లే లేరు.

ఆ తరువాత కోచ్‌గా కృషన్ కుమార్ హుడా వచ్చాడు. ఎనిమిదో సీజన్లో ఢిల్లీని చాంపియన్ చేసినాయన. పదకొండో సీజన్లో ఒక్కసారిగా 12 గెలుపులు, ఏడో స్థానం. పవన్ గాయంతో దూరమైతే విజయ్ మలిక్ భారం మోశాడు. పన్నెండో సీజన్‌కి పవన్‌ను వదిలేశారు. మలిక్‌ను అట్టేపెట్టుకుని కెప్టెన్ను చేశారు. భరత్‌ను 81 లక్షలకు తెచ్చుకున్నారు. ఒక్కడి మీద కుప్ప పోయకుండా నలుగురికీ పంచారు. ఫలితం చూశాం కదా. క్వాలిఫయర్-2 దాకా వెళ్లి, పుణె చేతిలో 45-50 తేడాతో ఆగిపోయారు. ఇంకొక్క మెట్టెక్కితే ఫైనల్. జట్టును కూలగొట్టి కట్టడం అంటే ఏమిటో ఈ రెండేళ్లలో టైటాన్స్ నేర్చుకుంది. ఈ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాను.

అయితే పన్నెండో సీజన్ మొదలైంది విశాఖపట్నంలో, 2025 ఆగస్టు 29న. జాతీయ క్రీడా దినోత్సవం అని అందరూ చెప్పారు. అది గిడుగు రామ్మూర్తి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం కూడా. ఆ రోజు తెలుగు జట్టు తమిళ జట్టుతో ఆడింది, మూడు పాయింట్ల తేడాతో ఓడింది. మన జట్టు కెప్టెన్‌ది హర్యానా, కొత్తగా వచ్చిన ప్రధాన రైడర్‌ది హర్యానా, కోచ్‌ది హర్యానా. గతంలోకి వెళ్దామన్నా రాహుల్ ఉత్తరప్రదేశ్, సిద్ధార్థ్ దేశాయ్ మహారాష్ట్ర, పవన్ ఢిల్లీ. జట్టు జాబితాలో అడపాదడపా ఒకరిద్దరు తెలుగు కుర్రాళ్లు ఉంటారు. మ్యాచ్ భారమంతా మోసే ముఖ్య రైడర్ మాత్రం మనవాడు కాలేదు. పన్నెండు సీజన్లు.

కోదాడలో నాకొక మిత్రుడున్నాడు, ఒకప్పుడు జిల్లా జట్టుకు ఆడినవాడు. ఈ మాటంటే నామీద లేచాడు. "గెలిస్తె ఎవడైతేంది సార్? మనోడని తీస్కొని మల్ల లాస్ట్ ప్లేసుల పడుమంటవా?" అన్నాడు. సగం న్యాయమైన మాటే. నేనూ కోటా అడగడం లేదు. ఇంగ్లండులో యార్క్‌షైర్ క్రికెట్ క్లబ్బు తమ గడ్డ మీద పుట్టినవాళ్లనే ఆడిస్తామని చాలాకాలం భీష్మించుకుని కూర్చుంది. చివరికి ఆ పట్టు సడలించి 1992లో తీసుకున్న మొదటి విదేశీ ఆటగాడు ఎవరో తెలుసా? మన సచిన్ టెండూల్కర్, అప్పటికి పంతొమ్మిదేళ్లు. గడ్డ పేరు చెప్పి తలుపులు మూసుకోవడం జట్టుకు మేలు చేయదని వాళ్లకు అర్థమయ్యేసరికి అంతకాలం పట్టింది. కాబట్టి హర్యానా పిల్లలు రావాలి, ఇరాన్ పిల్లలు రావాలి. నా ప్రశ్న వేరు. మన పిల్లలు ఆ వేలం దాకా ఎందుకు చేరడం లేదు?

ఆసక్తి లేకనా? 2021 మార్చి 22 సాయంత్రం సూర్యాపేట గుర్తు తెచ్చుకోండి. 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు మన ఊరికొచ్చాయి. పోటీలింకా మొదలు కానేలేదు, జనం కిక్కిరిసిపోయి గ్యాలరీ ఒకటి కూలిపోయింది. వందమందికి పైగా గాయపడ్డారు. ఆ ప్రమాదం సంగతి ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది, దాన్ని గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. కానీ ఒక్కటి ఆలోచించండి. వచ్చింది ప్రో కబడ్డీ కాదు, స్టార్లు లేరు. ఇరవై ఏళ్లలోపు పిల్లల ఆట చూడ్డానికి ఆ జనం. ఇంతకన్నా కబడ్డీ ఊరు ఎక్కడుంటుంది?

ఆట లేకనా? ఈ పండక్కి మిర్యాలగూడ వైపు ఒక టోర్నమెంట్‌కి వెళ్లాను. అక్కడొక కుర్రాడిని చూశాను. ఇరవై ఏళ్లుంటాయేమో. ఎడమ వైపు నుంచి కూతకు వెళ్తాడు. కార్నర్‌లో ఉన్నవాడు కాలు పట్టబోయే క్షణందాకా నిలబడి, అప్పుడు మాత్రమే కదులుతాడు. తొందరపడడు. అది నేర్పితే వచ్చేది కాదు. ఆట అయ్యాక పలకరించాను. రైసు మిల్లులో కాంటా దగ్గర పని చేస్తాడట. సెలక్షన్స్‌కి వెళ్లావా అంటే నవ్వాడు.

"ఒకసారి పొయిన సార్. మ్యాట్ మీద ఆడుడు వేరే ఉంటది. మట్టి మీద కాలు ఆగుతది, ఆడ షూ ఏస్కొని తిరిగితె మోకాలు తిరిగింది. మల్ల మూడో కూత పాయింట్ తేకుంటె అవుట్ అంట. మా దిక్కు గట్ల ఆడం గద. రెండు రోజులు పోతె రెండు రోజుల కూలి పాయె."

ఈ నాలుగు మాటల్లో మొత్తం వ్యవహారం ఉంది. ఊళ్లో పండగ కబడ్డీ వేరు, వేలానికి వెళ్లే కబడ్డీ వేరు. అక్కడ కూతకు 30 సెకన్ల గడియారం. రెండు కూతలు ఖాళీగా వస్తే మూడోది చావో రేవో. ముగ్గురు, అంతకంటే తక్కువ మంది మిగిలినప్పుడు పట్టు పడితే అదనంగా ఒక పాయింటు. ఇవన్నీ బుర్రలో కాదు, ఒంట్లో ఇంకాలి. దానికి మ్యాట్ కావాలి, రెండు మూడేళ్లు కావాలి, ఆ రెండు మూడేళ్లూ తిండి కావాలి. హర్యానా పిల్లలు పుట్టుకతోనే మొనగాళ్లేం కాదు. అక్కడ ఆడితే ఆర్మీలోనో, రైల్వేలోనో, పోలీసు శాఖలోనో ఉద్యోగం వస్తుందని ఇంట్లోవాళ్లకు నమ్మకం. అందుకే పాలూ నెయ్యీ పోసి పంపిస్తారు. మన ఇళ్లల్లో ఆ నమ్మకం లేదు. వాళ్లను తప్పు పట్టడానికీ లేదు. కూలి పోగొట్టుకుని ఆడే పిల్లాడిని ఏ తల్లి ప్రోత్సహిస్తుంది?

కూలి మాట వచ్చింది కాబట్టి ఒక పాత ముచ్చట. కబడ్డీలాగే మనిషిని మనిషి పట్టి పడేసే ఆట రగ్బీ. అందులో రగ్బీ లీగ్ అని ఒక శాఖ ఉంది. అది పుట్టిందే కూలి గొడవ మీద. ఉత్తర ఇంగ్లండులో గనుల్లో, మిల్లుల్లో పని చేసేవాళ్లు ఆడేవారు. ఆటకు వెళ్తే ఆ పూట జీతం కోత. ఆ పోయిన కూలి ఇవ్వండని వాళ్ల క్లబ్బులు అడిగితే పెద్దమనుషుల సంఘం ఒప్పుకోలేదు. ఆటకు డబ్బేమిటి, మర్యాద పోదూ! దాంతో హడర్స్‌ఫీల్డ్ అనే ఊళ్లో ఒక హోటల్లో కూర్చుని వేరు కుంపటి పెట్టేసుకున్నారు. అదీ ఒక ఆగస్టు 29నే, 1895లో. మిర్యాలగూడ మిల్లు కుర్రాడు చెప్పిన బాధ నూటముప్పై ఏళ్ల కిందటి మిల్లు కుర్రాళ్లదే.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ప్రో కబడ్డీ వేలంలో అన్నిటికన్నా కింది వర్గం ఆటగాడి మూల ధర 9 లక్షలు. ఇది కాక కొత్త కుర్రాళ్లను వేలం లేకుండా నేరుగా జట్టులోకి తీసుకునే పద్ధతి కూడా ఉంది. జట్టులో ఎలాగూ 18 మందికి తక్కువ ఉండకూడదు. కోర్టులో దిగేది ఏడుగురు. మిగతావాళ్లలో చాలామంది సీజనంతా బెంచి మీదే. ఆ బెంచి చివర్న ఉండే ముగ్గురు తెలుగు పిల్లలైతే ఆడే ఏడుగురి బలం తగ్గదు. ముగ్గురికీ కలిపి 27 లక్షలు. భరత్ ఒక్కడికి పెట్టినదాంట్లో మూడో వంతు. పవన్‌కు పదో సీజన్లో పెట్టినదాంతో పోలిస్తే నేను చెప్పక్కర్లేదు.

కానీ బెంచి మీద కూర్చోబెట్టడం ఒక్కటే సరిపోదు. కూర్చోవడానికి తగినవాడు ముందు తయారవ్వాలి. అది జట్టు యాజమాన్యం ఒక్కటే చేసే పనీ కాదు. రైల్వేను చూడండి. సికింద్రాబాద్‌లో ఉన్న దక్షిణ మధ్య రైల్వే మమతా పూజారికి ఉద్యోగమిచ్చింది. కర్ణాటక పల్లెటూరి పిల్ల, మహిళల కబడ్డీలో భారత కెప్టెన్ అయింది. కప్పులు ఆ తరువాత సంగతి, ముందు నెల జీతం వచ్చింది. మన దగ్గర కబడ్డీ పోటీలకు ప్రైజ్ మనీ ఇచ్చే దాతలకు కొదవ లేదు. ఎవరి ఫ్లెక్సీ ఎంత పెద్దదో చూసుకుంటారు. మూడు రోజుల పండక్కి పెట్టే ఆ సొమ్ములో సగం పక్కన పెట్టి, నలుగురు పిల్లలకు ఏడాది తిండీ, బూట్లూ చూడమంటే మాత్రం ఎవరూ పలకరు. ఫ్లెక్సీ మీద ఆ నలుగురి ఫొటో వేయలేరు కదా.

నా కోదాడ మిత్రుడికి ఇదంతా చెప్పాను. కాసేపు ఊరుకుని, "సరే, టైటాన్సోళ్లు సెలక్షన్స్ పెడ్తం, పిల్లల్ని పిలువున్రి అని రేపు పొద్దున ఫోన్ చేస్తే, ఎంతమందిని చూపిస్తవ్?" అని అడిగాడు. సూర్యాపేట నుంచి ఇద్దరు, మిర్యాలగూడ నుంచి ఆ కాంటా కుర్రాడు, హుజూర్‌నగర్ వైపు ఒక పొడుగాటి కవర్ డిఫెండర్. నాలుగు పేర్లు చెప్పాను. ఆయన ఇంకో మూడు చెప్పాడు. ఇద్దరం కలిసి టీ చల్లారేలోపు ఏడుగురిని లెక్కపెట్టాం. ఏడుగురంటే ఒక జట్టు. అందులో మ్యాట్ మీద నెల రోజులు ఆడినవాడు ఒక్కడు కూడా లేడు.

"మ్యాట్ దొరికితె యాడ ఏస్తం? వానొస్తె ఖరాబైతది. షెడ్డు గావాలె" అన్నాడాయన. మగవాళ్ల కబడ్డీ కోర్టు కొలత 13 మీటర్లు పొడవు, 10 మీటర్లు వెడల్పు. చుట్టూ నాలుగడుగుల జాగా వేసుకున్నా, హైవే పక్కన కోదాడ నుంచి సూర్యాపేట దాకా ఉన్న ఫంక్షన్ హాళ్లలో దేంట్లోనైనా పడుతుంది. మూఢం వస్తే అవి నెలలకు నెలలు ఖాళీ. ఆషాఢంలో మరీ ఖాళీ. ఒక హాలు యజమాని నాకు తెలుసు, కరెంటు బిల్లు కడితే చాలు, అద్దె వద్దన్నాడు. మ్యాట్ ఎవరిస్తారో ఇంకా తేలలేదు.